కుడి చెవి వంతు

కిందటి వారం మంగరాజును అమలాపురంలో చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి బెంచీ మీదా, ఆయన భార్య సూర్యావతిని ఆయన భుజం మీదా వదిలి వచ్చాం. ఇద్దరూ అక్కడే ఉన్నారు. బెంచీ కదల్లేదు, వరసా కదల్లేదు. కళ్ళు మూసుకున్న సూర్యావతికి మాత్రం బెంచీ, వరస, ఆస్పత్రి, ఎదురుగా ఆగిన అరటిగెలల లారీ అన్నీ కలిసి గోదావరి సుడిలో పడ్డట్టు గిర్రున తిరుగుతున్నాయి.

ఈ తిరుగుడుకి తిరుగులేని కారణం ఆవిడ చెవి. ఆ చెవి సంగతి తెలియాలంటే కురిడీ సంగతి తెలియాలి. ముదిరిన కొబ్బరికాయల్ని పీచుతోనే అటకెక్కించి, అక్కడ పెట్టిన సంగతే మరిచిపోయినట్టు నెలల తరబడి వదిలేస్తే, లోపలి నీరంతా ఇంకిపోయి కొబ్బరి చిప్పని వదిలి గుండులా దొర్లుతుంది. అదే కురిడీ. వదిలిందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాలి. తొందరపడి కొడితే లోపల పచ్చి, నాలుగు రోజుల్లో బూజు. అంచేత కురిడీకి అసలు పెట్టుబడి వినికిడి.

అంబాజీపేటలో మంగరాజు కొట్టుకి బోర్డు మీద పేరు మంగరాజుది, పెట్టుబడి సూర్యావతిది. ఆవిడ మంగరాజుకి మేనమామ కూతురు. పెళ్ళయిన కొత్తలోనే కళ్ళంలో కూర్చుని, ఎడమ చెవి దగ్గర కాయ ఆడించి "అయింది బావా" అందంటే అయినట్టే. "ఇది ఇంకా పాలు తాగుతోంది బావా" అందంటే ఆ కాయ మళ్ళీ అటకెక్కాల్సిందే. ఉత్తరాది నుంచి సరుకు కోసం వచ్చే సేట్లు కూడా మంగరాజు నోటి మాట విని ఊరుకునేవారు కాదు, లోపలికి చూసి "అమ్మాజీ క్యా బోలీ" అని, అమ్మగారి మాటేమిటో అడిగి మరీ తలూపేవారు.

ఏడాదిన్నర కిందట ఆ ఎడమ చెవికే జబ్బు చేసింది. చెవిలో హోరు, తల తిరుగుడు, వాంతులు. మెనియర్స్ అన్నారు డాక్టరుగారు. మంగరాజు ఊరంతా తిరిగి, మేనరికం చేసుకున్నందుకు తనకి దక్కిన కట్నం మేనరికం జబ్బండి అని చెప్పి అందర్నీ నవ్వించేడు. చెవిలోకి ఇంజెక్షను ఇచ్చేరు. తిరుగుడు ఆగింది. దాంతోపాటు ఆ చెవిలో లోకం కూడా ఆగింది. జబ్బు ముదిరి చెవి పోయిందని సూర్యావతి అనుకుంది, ఊరూ అనుకుంది. కాదని తెలిసినవాడు ఒక్కడే. వాడికి రెండు చెవులూ పాముచెవులు. ఆ మాట ఎవరికీ చెప్పే నోరే లేదు.

ఆ తర్వాత సూర్యావతి కాయని కుడి చెవి దగ్గర పెట్టుకోవడం మొదటి నుంచీ నేర్చుకుంది. ఇన్నాళ్ళకి ఆ కుడి చెవి హోరెత్తింది. కళ్ళంలో కాయ ఆడిస్తూ ఆడిస్తూ, కాయ చేతిలో ఉండగానే తనే ఒరిగిపోయింది. పీచు వలిచే సత్తెమ్మ పట్టుకోకపోతే గునపం మీద పడేది.

ఇదీ ఇప్పటిదాకా.

సూర్యావతి కళ్ళు తెరవకుండానే మంగరాజు చొక్కా అంచు పట్టుకుని లాగింది.

"బావా, లోపలికి వెళ్ళేక నువ్వే చెప్పు. నాకు మాట్లాడుతుంటే తిప్పుతోంది. పోయినసారి ఇచ్చేరు చూడు, ఆ మందే ఇమ్మను. మళ్ళీ ఇది పని చెయ్యకపోతే అది, అది పని చెయ్యకపోతే ఇంకోటి అని నన్ను తిప్పొద్దను."

మంగరాజు "ఆయ్" అన్నాడు. 

"నువ్వు ఆ రోజు ధైర్యం చెయ్యబట్టి గానీ, లేకపోతే ఏడాదంతా బకెట్టు పక్కన పడుకునేదాన్ని" అంది సూర్యావతి. ఆ మాట ఆవిడ కొత్తగా అనడం కాదు. ఊళ్ళో ఎవరికి తల తిరిగిందన్నా, ఎండ దెబ్బకి తిరిగినా సరే, మా బావని అడిగి ఇంజెక్షను చేయించుకోండని సలహా చెప్పేది. కిందటి ఏడు అప్పనపల్లి తీసుకెళ్ళి, ఆయన పేరు మీదే అర్చన చేయించి, కళ్ళంలో మంచి కాయలు ఏరి కొండలా దేవుడి ముందు పోయించింది. మొక్కు ఎవరిదండీ అని అడిగిన పూజారిగారితో, చెవి నాదండి, పుణ్యం మా బావదండి అంది. మంగరాజు ఆ పూట ప్రసాదం నోట్లో పెట్టుకోలేకపోయేడు. చక్కెర ఎక్కువైందని వంక చెప్పేడు. చక్కెర ఆయనకి ఎప్పుడూ ఎక్కువవదు. ఇంట్లో డబ్బా దాచిపెట్టేది అందుకే.

నర్సు సలోమి వచ్చి, పేరడిగి, ఏం కష్టమో అడిగింది. సూర్యావతి కళ్ళు మూసుకునే, వరసగా చెప్పింది. కుడి చెవి హోరు, పడిపోవడం, వాంతి. చివరిమాటగా, పోయినసారి మందే కావాలని కూడా తనే చెప్పేసింది. మంగరాజు నోరు తెరిచేలోగా సలోమి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి తలుపు తీసి, మంగరాజుగారొక్కరే రండి అంది.

డాక్టర్ శారోన్‌ది రాజోలు వైపు. అమ్మానాన్నలిద్దరూ మేష్టర్లు. చిన్నప్పుడు ఇంట్లో రోజుకి రెండు బళ్ళు నడిచేవేమో, ఏ సంగతైనా పాఠంలా విప్పి చెప్పడం ఆవిడకి అలవాటు. ఏడాదిన్నర కిందట ఇదే కుర్చీలో కూర్చోబెట్టి మంగరాజుకి చెప్పిన పాఠం ఆయన ఒక్క ముక్క మరిచిపోలేదు. మరిచిపోదామని చాలా ప్రయత్నం చేసేడు కూడా.

లోపలి చెవి నత్తగుల్లంత ఉంటుందని చెప్పేరు ఆవిడ. ఒక సగం వింటుంది, ఒక సగం మనిషి తూగకుండా తూకం చూసుకుంటుంది. దాని లోపల నీళ్ళుంటాయి. మీ కాయల్లో నీళ్ళు తగ్గాలండి, మీ ఆవిడ చెవిలో నీళ్ళు పెరిగేయండి అని కూడా అన్నారు, ఈ మనిషికి ఎలా చెప్తే ఎక్కుతుందో గ్రహించి. మాత్రలకి లొంగలేదు గనక కర్ణభేరిలోంచి సన్నటి సూదితో మందు లోపలికి దించాలి. మందులు రెండు రకాలు. మొదటిది స్టెరాయిడ్. అది లోపలి గొడవని చల్లారుస్తుంది, వినికిడి జోలికి వెళ్ళదు. కాకపోతే ఒకసారితో పోకపోవచ్చు, మళ్ళీ మళ్ళీ వేయించుకోవలసి రావచ్చు, కొందరికి లొంగకపోనూ వచ్చు. రెండోది జెంటామైసిన్. అది తూకం చూసే భాగాన్నే మొద్దుబార్చేస్తుంది. తప్పుడు కబుర్లు మోసేవాడి నోరు గుడ్డతో కట్టేసినట్టు. తిరుగుడు ఆగిపోతుంది చాలామందికి. అయితే ఆ నోటి పక్కనే ఉన్న వినికిడికి కూడా ఆ గుడ్డ తగలొచ్చు. అందరికీ తగలదు, ఎవరికి తగులుతుందో ముందే చెప్పలేరు.

"రెండూ పోల్చి చూసినవాళ్ళు తిరుగుడు తగ్గించడంలో పెద్ద తేడా లేదనే అన్నారండి" అన్నారు ఆ రోజు శారోన్‌గారు. "ఆవిడ చెవితో పనిచేసే మనిషంటున్నారు కదా. నన్నడిగితే మొదటిదే ముందు చూద్దామంటాను. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చి చెప్పండి."

పక్కగదిలో మంచం మీద సూర్యావతి ఉంది. మంగరాజు పక్కగదిలోకి వెళ్ళలేదు. బయటికి వెళ్ళి, టీ తాగి, వచ్చి, "మాట్లాడుకున్నామండి, రెండోదే ఇచ్చేయమందండి" అని చెప్పేడు. డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి, మీకు సమ్మతమేనా అమ్మా అని అడిగితే, సూర్యావతి కళ్ళు తెరవలేక, "బావ ఏదంటే అదేనండి, ఆయ్" అంది. అంతే. సూది సూటిగా వెళ్ళింది. మాటే వంకరగా వచ్చింది.

ఇప్పుడు అదే కుర్చీ. డాక్టరుగారు పాఠం మొదలుపెట్టలేదు. ప్రశ్నతో మొదలుపెట్టేరు.

"పోయినసారి మందే కావాలంటున్నారటండి ఆవిడ. ఎడమ చెవి ఆ మందు వల్లే పోయి ఉండొచ్చని ఆవిడకి తెలుసాండీ?"

మంగరాజుకి మాటల మంగరాజని పేరు. పెళ్ళిలో విడిదింటి దగ్గర్నుంచి చావులో పాడె దాకా, ఆయన నోటికి తగిన మాట దొరకని సందర్భం లేదు.  బల్ల మీద ప్లాస్టిక్ చెవి బొమ్మ ఒకటి, పొట్ట విప్పుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు మాత్రం దాని వైపు చూస్తూ, జబ్బు జబ్బేనండి, మందు మందేనండి అని ఏదో గొణిగేడు.

"మంగరాజుగారూ, ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకున్నామన్నారు."

"నాలో నేను మాట్లాడుకున్నానండి."

శారోన్‌గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు. కోప్పడతారని మంగరాజు ఎదురుచూసేడు. కోప్పడితే బాగుండుననిపించింది కూడా. తిట్టు తింటే కాస్త కడుపు నిండినట్టుంటుంది.

"ఇందులో నా వంతూ ఉందండి" అన్నారు ఆవిడ మెల్లగా. "కళ్ళు తెరవలేని మనిషిని అడిగి, సరేనందని నేనూ అనుకున్నాను. ఆవిడ కాస్త తేరుకునేదాకా ఆగితే ఏం పోయేది." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క చెవి. దీనికి స్టెరాయిడే అని నా మాట. ఆ రెండోది ఈ చెవిలో పోయడానికి నాకు చెయ్యి రాదు. కాని తల తిరుగుడు మీది కాదు, నాది కాదు. మళ్ళీ మనిద్దరం గదిలో కూర్చుని ఆవిడ చెవి సంగతి తేల్చేస్తే పోయినసారి చేసిందే మళ్ళీ చేసినట్టవుతుంది. అన్నీ తెలిసి ఆవిడే చెప్పాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

శారోన్‌గారిని చెప్పనిస్తే ఎంత సుఖం. డాక్టరుగారి నోట వస్తే అది వైద్యం. తన నోట వస్తే అది నేరం. లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆయనకీ గది తిరిగింది.

"నేనే చెప్తానండి" అన్నాడు.

చెప్తానన్నంత తేలిక కాదు చెప్పడం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మంగరాజు మామూలుగా మాట్లాడితేనే కొట్టులోంచి మార్కెట్టు యార్డు దాకా వినబడుతుంది. పుట్టి బుద్ధెరిగి ఆయన ఎప్పుడూ గుసగుసలాడి ఎరగడు. ఈ ఒక్క మాటా గుసగుసగా చెప్పాలనుకున్నాడు, అదీ చెవి కొరికినంత దగ్గరగా. కాని సూర్యావతికి ఎడమ చెవి లేదు, కుడి చెవిలో హోరు. గుసగుస ఎక్కడికి వెళ్ళాలి?

వచ్చి ఆవిడకి కుడి పక్కన కూర్చున్నాడు. వంగి, సూర్యావతీ, నీకొక మాట చెప్పాలి అన్నాడు. ఆవిడకి వినబడలేదు. మళ్ళీ చెప్పేడు. ఆవిడ కళ్ళు సగం తెరిచి, గట్టిగా చెప్పు బావా, లోపల వరద పారుతోంది అంది.

"ఆ మందు వద్దు" అన్నాడు గట్టిగా.

"ఏ మందు?"

"పోయినసారిది. అది చెవి తీసేస్తుంది. నీ ఎడమ చెవి పోయింది జబ్బు వల్ల కాదు. ఆ మందు వల్ల."

చెవి ఆస్పత్రిలో ఒక విశేషం ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ వినబడక వచ్చినవాళ్ళే గనక ఎవరు మాట్లాడినా అందరూ చెవులు రిక్కిస్తారు. ఎదుటి బెంచీలో చెవికి మిషను పెట్టుకున్న నారాయణమూర్తిగారని రిటైరైన పోస్టుమాస్టరు, మిషను చక్రం తిప్పుకుని ముందుకి వంగేడు. కొత్తపేట నుంచి వచ్చిన పెద్దావిడ టీవీ తగ్గించమని సైగ చేసింది. టీవీ ఆగింది. ఫ్యాను కూడా ఆగినట్టే అనిపించింది మంగరాజుకి.

సూర్యావతి నెమ్మదిగా నిటారుగా కూర్చుంది. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది, పడవలో కూర్చున్నట్టు.

"మందు వల్లని నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే డాక్టరుగారు చెప్పేరు అనొచ్చు. నాలుక చివరకి వచ్చింది కూడా. ఆ అబద్ధం ఎంత చక్కగా అతుకుతుందంటే, కుట్టు కూడా కనబడదు. మంగరాజు దాన్ని మింగేడు. 

"ఇవ్వక ముందే తెలుసు" అన్నాడు. "రెండు మందులున్నాయన్నారు. ఒకటి చెవిని ముట్టుకోదన్నారు. అదే ముందు చూద్దామన్నారు. నిన్ను అడిగి రమ్మన్నారు. నేను నిన్ను అడగలేదు. అడిగేనని వచ్చి చెప్పేను."

"గట్టిగా చెప్పండీ" అన్నాడు నారాయణమూర్తిగారు మిషను సరిచేసుకుంటూ, ఎవరో తనకే చెప్తున్నారనుకుని. కొత్తపేట పెద్దావిడ ఆయన మోచెయ్యి గిల్లింది. ఇంకో సందర్భమైతే ఈ ముక్క మీద మంగరాజు నెలరోజులు బతికేవాడు, ఊళ్ళో ప్రతి అరుగు మీదా చెప్పుకుని. ఇప్పుడు ఆయనకి నవ్వు రాలేదు. చెప్పిందంతా మళ్ళీ, ఇంకా గట్టిగా చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే సూర్యావతి కూడా చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమన్నావు?" అంది.

జీవితంలో మొదటిసారి, ఆయన గొంతు ఆయనకి పెద్దదనిపించింది.

సూర్యావతి అంతా విని, నేల వంక చూసింది. నేల ఆవిడకి నిలకడగా లేదు. అయినా దానివంకే చూసింది.

"ఎందుకు?"

ఈ ప్రశ్నకి మంగరాజు దగ్గర జవాబు తయారుగా ఉంది. ఏడాదిన్నరగా రోజూ తుడిచి పెట్టుకున్న జవాబు. నువ్వు అటక నిచ్చెన మీంచి పడ్డావు, అప్పుడు సత్తెమ్మ కూడా లేదు, ఇంకోసారి పడితే ఏమవుతుందోనని భయమేసింది, ఒక్క దెబ్బతో ఆగిపోవాలనిపించింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.  ఆ జవాబే చెప్పేడు.

సూర్యావతి కాయ ఆడించినప్పుడు మొహం ఎలా పెడుతుందో అలా పెట్టింది. లోపల ఇంకా ఏదో కదులుతోందా అని వినేటప్పటి మొహం.

"అంతేనా?"

మంగరాజు తలొంచుకున్నాడు. ఆ రోజు టీ తాగుతూ నిలబడ్డప్పుడు ఆయన మనసులో నిచ్చెన ఒక్కటే లేదు. అంతకు ముందు వారం కళ్ళంలో జరిగినదీ ఉంది. సేట్ల ముందు, లారీ మనుషుల ముందు, మంగరాజు ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, అయిందండి అన్నాడు. కాయలు తెచ్చిన రైతు జగ్గయ్య, మంగరాజు చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే, పక్కన నిలబడి, ఎంతో మర్యాదగా అన్నాడు, అమ్మగారి చెవిన ఒకసారి వేస్తే బాగుంటుందండి అని. అమ్మగారికి ఆ రోజు తల తిరుగుడు, లోపల పడుకుని ఉంది. సేట్లు కాయలు కొట్టనివ్వలేదు. సరుకు ఎత్తకుండా, అమ్మాజీకి తగ్గేక వస్తామని వెళ్ళిపోయేరు. మంగరాజు ఆ కాయ పట్టుకుని కళ్ళం మధ్యలో నిలబడిపోయేడు. తన కొట్టులో తను బోర్డు మాత్రమేనని, బోర్డుకి చెవులుండవని ఆయనకి ఆ రోజు తెలిసింది. టీ గ్లాసు ఖాళీ చేస్తుండగా, చెవి పోతే పోనీ అన్న మాట ఆయన లోపల ఎవరు అన్నారో గాని, అన్నారు. ఆయన వాడి నోరు మూయలేదు.

అదంతా ఇప్పుడు ఆ బెంచీ మీద చెప్పేడు. గట్టిగానే చెప్పేడు, మరి దారి లేదు గనక. చెప్తుండగా ఎక్కడా మెలిక పెట్టలేదు, మాట విరవలేదు. "నీ చెవి మీద నాకు ఏడుపుండేది సూర్యావతీ" అని ఆగేడు. 

నిజానికి ఆ ఏడుపుకి ఫలితం కూడా దక్కలేదు. ఇంజెక్షను తర్వాత సూర్యావతి తేరుకుంటూ మంచాన ఉన్న రోజుల్లో కాయలన్నీ మంగరాజు చెవికే వచ్చేయి. ఒక అటక మొత్తం అయిందని తేల్చి కొట్టించేడు. సగం పచ్చి. వీధి వీధంతా కుళ్ళు కొబ్బరి వాసన కొట్టింది. అది చూసే, ఆవిడ లేచి వచ్చి, కుడి చెవితో మొదలుపెట్టింది. ఒక్కమాట అనలేదు. పైగా, నాకోసం దిగులుపడి నీ చెవి సరిగ్గా పనిచెయ్యలేదులే బావా అంది. ఆ ఓదార్పు మంగరాజు ఇప్పటికీ జీర్ణం చేసుకోలేదు.

కొత్తపేట పెద్దావిడ ముక్కు చీదింది. నారాయణమూర్తిగారు మిషను చక్రం వెనక్కి తిప్పి, గోడ మీద క్యాలెండరు చూడటం మొదలుపెట్టేడు. వినకూడనిది విన్నానని ఆయన వీపుకి కూడా తెలిసింది.

సూర్యావతి ఏడుస్తుందేమోనని మంగరాజు భయపడ్డాడు. ఆవిడ ఏడవలేదు. తిట్టలేదు. బెంచీ అంచు వదలకుండా, గొంతు పెంచకుండా అంది.

"నన్నడిగి ఉంటే, నేనూ అదే అనేదాన్నేమో. ఆ తిరుగుడు అలాంటిది. చెవి పోతే పోయింది, ఆగితే చాలు, అదే ఇవ్వండి అనేదాన్నేమో. అనకపోదునేమో. ఇప్పుడు ఆ సంగతి నాకు తెలీదు. నీకూ తెలీదు. ఇంక ఎప్పటికీ తెలీదు."

మంగరాజు ఇన్నాళ్ళూ తను తీసుకున్నది ఒక చెవే అనుకున్నాడు. ఆ మాటతో లెక్క మారిపోయింది.

ఆయన చెయ్యి ఆవిడ చెయ్యి మీద పెట్టబోయేడు. అప్పటికే సూర్యావతి లేచింది. గోడ పట్టుకుని, కళ్ళు చిట్లించుకుని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఆయన మోకాళ్ళ ముందు నుంచి అవతలికి వెళ్ళి, ఆయనకి రెండో వైపు కూర్చుంది. ఎందుకో ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచి, పక్కకి తిరిగి చూసేక అర్థమైంది. ఇప్పుడు ఆయన వైపు ఉన్నది ఆవిడ ఎడమ చెవి.



టీవీ మళ్ళీ ఎవరో పెట్టేరు. వంటల కార్యక్రమం. పులస పులుసులో బెండకాయ ఎప్పుడు వెయ్యాలో ఒకావిడ నవ్వుతూ చెప్తోంది. ఎప్పుడు ఏది వెయ్యాలో తెలిసినవాళ్ళు ఎంత నిశ్చింతగా ఉంటారో అని మంగరాజుకి ఆవిడ మీద కూడా ఏడుపొచ్చింది. వెంటనే, ఇంకా నీకు ఏడుపులు మిగిలేయా అని తన్ను తానే అసహ్యించుకున్నాడు.

సలోమి వచ్చి, సూర్యావతిగారండీ అని పిలిచింది. మంగరాజు అలవాటుగా లేచి, భుజం ఇవ్వడానికి వంగేడు. సూర్యావతి ఆ భుజం పక్కనుంచి చెయ్యి చాచి సలోమి మోచెయ్యి పట్టుకుంది.

"ఆయన బయటుంటారండి" అంది.

బావ కాదు. ఆయన. ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఆయన పాముచెవులు ఆ ఒక్క మాటనీ వదలకుండా పట్టుకున్నాయి.

తలుపు పడింది. మంగరాజు తలుపు ముందు నిలబడ్డాడు. లోపల డాక్టరుగారి గొంతు, పాఠం చెప్పే గొంతు, పొడవుగా సాగుతోంది. మాటలు తెలియడం లేదు. మధ్యలో సూర్యావతి ఏదో అడిగింది. మళ్ళీ డాక్టరుగారు. మళ్ళీ సూర్యావతి, ఈసారి ఇంకా ఎక్కువసేపు. ఒకచోట డాక్టరుగారి గొంతు గట్టిపడింది, బతిమాలుతున్నట్టు, కాదంటున్నట్టు. ఏం బతిమాలుతున్నారు? ఏది వద్దంటున్నారు? మంగరాజు చెవి తలుపుకి ఆనించేడు. కురిడీ కాయకి ఆనించినట్టే ఆనించేడు. లోపల ఏదో కదులుతోందనే తెలిసింది, పచ్చిదో ఎండిందో తెలియలేదు.

తిరుగుడు ఆగితే చాలు, అదే ఇవ్వండి అనేదాన్నేమో. ఆవిడ అన్న మాట ఇప్పుడు వేరే మొహంతో ఆయనకెదురుగా వచ్చి నిలబడింది. ఇప్పుడు ఆవిడకి అన్నీ తెలుసు. తెలిసి, అదే అంటే? కోపంతో అంటే? ఎవరి మాటా ఇంక వినక్కర్లేని చోటికి వెళ్ళిపోవాలనిపించి అంటే? ఆయన తలుపు తట్టబోయి, చెయ్యి గాలిలో ఆపేసేడు. ఇంకోసారి ఆవిడ తరఫున లోపలికి వెళ్ళే హక్కు ఆ చేతికి లేదు.

లోపల గొంతులు ఆగేయి. తలుపు తెరుచుకుంది. సలోమి బయటికొచ్చి, మందుల గదిలోకి వెళ్ళి, చిన్న స్టీలు ట్రే పట్టుకుని తిరిగి వచ్చింది. ట్రే మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద సూది పొడవున ఒక గీత, దాని పక్కన సీసా ఎత్తున ఒక గుబ్బ. సీసా ఒక్కటే.

"ఇప్పుడే ఇచ్చేస్తున్నారాండీ?" అన్నాడు మంగరాజు. గొంతు ఆయనది కానట్టు సన్నగా వచ్చింది. "ఏ మందండీ?"

సలోమి తలుపు భుజంతో తోస్తూ ఆగింది. ఆ పిల్ల మొహంలో జాలి ఉంది, ఇబ్బంది ఉంది.

"మీకు చెప్పొద్దన్నారండి ఆవిడ."